తీసేసిన నలభై రోజులు

మెర్సీని ఎవరైనా పాపం అంటే నాకు ఒళ్లు మండుతుంది. పాపం ఏమిటి? పనిగట్టుకుని ఆమె పొట్ట కొట్టారు.

నల్లగొండలో ఇద్దరం ఒకే గది కిరాయికి తీసుకుని, ఒకే సారు దగ్గర ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి చేరాం. నాది కొత్తకోట, మాకు పొలాలున్నాయి. మెర్సీది కేతేపల్లి. వాళ్లమ్మ జంగమ్మ ఒకరి పొలాల్లో నాట్లు వేసి చదివించింది. మెర్సీకి ముప్పై నాలుగు నిండాయి. డాక్టరేట్ వస్తేనే కాలేజీలో పర్మినెంట్ ఉద్యోగం, లేకపోతే మళ్లీ గంటల లెక్కన పాఠాలు.

ఆమె పని లాంబ్డా అనే కణం మీద. సెకనును వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే, అందులో రెండు మూడు ముక్కల కాలం బతికి విరిగిపోతుంది. దానికి జోడీగా ఒక ప్రతికణం ఉంది. రెండూ ఒకే తీరుగా విరుగుతాయా, తేడా ఉందా అన్నది విదేశీ ప్రయోగశాల పంపిన డేటాలో వెతకాలి. ఈ పనికి ఒక కట్టుబాటుంది. ఏ డేటా ఉంచాలో, ఏది తీసేయాలో ముందే తేల్చి రాసిపెట్టాలి. అప్పటిదాకా జవాబుకు కంప్యూటర్లో తాళం. జవాబు చూసి డేటా ఏరితే మనకు కావలసిన జవాబే వస్తుంది మరి. తాళం తీసే పాస్‌వర్డ్ సారు దగ్గరే ఉండేది.

నాలుగో ఏడు ఒక పొద్దున సారు మమ్మల్ని పిలిచాడు. "మెర్సీ, గా మార్చి ఏప్రిల్ నలభై రోజుల డేటా తీసెయ్. పెద్ద తేడా వస్తది. పేపర్ల పేరు పడ్తది."

"తాళం ఇంకా తియ్యలేదు గద సార్. తేడా వస్తదని మీకెట్ల తెల్సింది?"

దొరికిపోయిన మనిషికి సిగ్గుండాలి. ఈయనకు కోపమొచ్చింది. "కోటాల సీటు తెచ్చుకున్నదానివి, నాకు నేర్పుతవా? తీస్తే థీసిస్ మీద సంతకం పెడ్త. లేకుంటే పో."

"నేను తియ్య సార్," అని మెర్సీ బయటికి వచ్చేసింది.

ఆయన సంతకం పెట్టలేదు. యూనివర్సిటీ కమిటీకి అర్జీ పెట్టుకుంటే సర్దుకుపొమ్మని నీతులు చెప్పి పంపారు. సర్దుకుపోవాలట, వాళ్ల నోళ్లు పడిపోను. గడువు దాటింది. మెర్సీ సీటు పోయింది.

ఆమె నాలుగేళ్ల పని ఎవరికిచ్చాడనుకున్నారు? నాకు. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. నలభై రోజులూ నా చేత్తోనే తీసేశాను. తేడా వచ్చింది. పేపర్లో సారు పక్కన నా ఫొటో కూడా వేశారు.

థీసిస్ మీద నా చివరి మౌఖిక పరీక్ష, వైవాకు ఎవరైనా రావచ్చు, ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. మెర్సీ వచ్చింది. వెనక వరుసలోంచి లేచి అడిగింది.

"మనీషా, ఆ నలభై రోజులు ఎందుకు తీసినవే?"

సారు గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజుల్లో ప్రయోగశాల యంత్రం సరిగ్గా పనిచేయలేదు," అన్నాను.

డేటాతో పాటు వచ్చిన ఆ యంత్రం రికార్డులు రోజువారీగా సరిచూసింది మెర్సీయే. ఒక్క రోజు కూడా అది చెడిపోలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఇంకేమీ అడగకుండా కూర్చుంది. పరీక్షకుడు లేచి నన్ను డాక్టర్ మనీష అని పిలిచాడు.