పది కిక్కుల షరతు

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను డైరీ రాయని రోజు లేదు. తొంభైల చివర్లో పదవీ విరమణ చేశాక ఆ డైరీలో ఒక కొత్త గడి చేరింది. ఉదయం బండి ఎన్ని కిక్కులకు స్టార్టయిందో అందులో రాసేవాణ్ణి.

యాప్రాల్‌లో ఉండే ఒక మిలిటరీ అధికారి బదిలీ మీద పోతూ అమ్మిన మట్టిదారుల మోటార్ సైకిల్ అది. సీటు నా నడుమంత ఎత్తు. ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పిల్లి దూరేంత సందు. టైర్ల నిండా రబ్బరు గడ్డలు. సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్కు కొట్టాల్సిందే.

నా ఉద్యోగమంతా చెరువుల, కుంటల కాగితాలతోనే గడిచింది. మేడ్చల్, శామీర్‌పేట వైపు కుంటల విస్తీర్ణాలు నాకు నోటికి వచ్చు. కళ్ళతో చూసినవి మాత్రం నాలుగైదు కూడా లేవు. అవి ఇంకా ఉన్నాయో లేదో చూడాలనిపించింది. వాటికి తారు రోడ్లు లేవు.

మచ్చ బొల్లారంలోని మా వాకిట్లో బండిని చూసి నా భార్య, "గిదేంది, ఎక్కనీకి నిచ్చెన గూడ దెచ్చిండ్రా?" అన్నది. కాసేపటికి షరతు పెట్టింది. "తిరుగుండ్రి, నేనేమొద్దన. కని ఏనాడన్న పది కిక్కుల్ల స్టార్ట్ గాలేదనుకో, ఆనాడే అమ్మెయ్యాలె. మోకాలు వాసి మంచం వడితే చేసేది నేను."

ఒప్పుకున్నాను. డైరీలో రాసి ఆమెతో సంతకం చేయించాను.

వారానికి మూడు రోజులు తిరిగేవాణ్ణి. రావల్కోల్ దాటాక బండ్ల బాటలో ఇసుక వస్తే సీటు మీద కూర్చోకూడదని రెండుసార్లు పడ్డాక తెలిసింది. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుంటే బండే దారి వెతుక్కుంటుంది. కాగితాల్లో పన్నెండెకరాలున్న ఒక కుంటలో జొన్న చేను కనబడింది. ఏ కాగితంలోనూ లేని మరో కుంటలో నీళ్ళున్నాయి, కొంగలున్నాయి. ఇంటికొచ్చి అన్నీ రాసుకునేవాణ్ణి.

మొదటి మూడేళ్ళు గడిలో రెండు, మూడు అంకెలే. ఒక వానాకాలం తర్వాత ఆరు, ఏడు అయ్యాయి. ఆమె వంటింట్లోంచే లెక్కపెట్టేది. "ఎనిమిది! ఇంక రెండే ఉన్నయ్ సారూ, జర సూస్కోండ్రి."

లోపం బండిదా, నా కాలిదా? శామీర్‌పేటలో నా వయసు మెకానిక్ ఒకాయన ఉండేవాడు. బండి ఇచ్చి, చల్లారేదాకా ఆగి, ఆయన్నే కొట్టమన్నాను. ఒక్క కిక్కుకు అందుకుంది.

"బండి ఫస్ట్ క్లాస్ ఉన్నది సాబ్. గా కాలు ఇడిసిపోండ్రి, సర్వీసింగ్ జేసి ఇస్తా" అన్నాడు.

నవ్వాను గానీ మనసు కుదుటపడలేదు. అయితే మొన్న కుంట గట్టు మీద మూడు గంటలు ఆపి, ఇంజను మీద చెయ్యి పెడితే చల్లగా తగిలాక కూడా నేనే రెండు కిక్కుల్లో తీశాను కదా? డైరీలో బయటి కిక్కులకు ఇంకో గడి గీశాను. నెల రోజుల్లో తేలింది: ఇంటి దగ్గర ఏడు, ఎనిమిది, తొమ్మిది; బయట ఒకటి, రెండు. అదే బండి, అదే కాలు. గేటు దాటగానే నా కాలికి ఎక్కడి బలం వస్తున్నట్టు?

అంకెలు పెరగడం మొదలైన రోజు కోసం పాత పేజీలు తిరగేశాను. ఆ ముందు రోజు నా చేతిరాతలోనే ఉంది: "వాకిట్లో పెట్రోలు వాసన వస్తోందని ఆమె అన్నది. నేటి నుంచి గేటు దగ్గరే బండి పెట్రోలు ట్యాపు కట్టేసి, ఇంజను దానంతటది ఆగాకే లోపల పెట్టాలి." అంటే కార్బురేటర్‌లోని పెట్రోలు చుక్క మిగలకుండా కాలిపోయేది. పొద్దున ట్యాపు తిప్పిన మరుక్షణం కొట్టేవాణ్ణి. అది నిండేలోపు ఏడెనిమిది కిక్కులు వృథా. బయట ఎప్పుడూ ట్యాపు ముట్టుకోలేదు.

మర్నాడు ట్యాపు తిప్పి, లోపలికెళ్ళి చాయ్ తాగి వచ్చి కొట్టాను. రెండు.

"కాలుకు ఏం మందు రాసిండ్రు?" అన్నది. పేజీ చూపించాను. "అయితే నా ముక్కు జేసిన పనా ఇది? వాసనొస్తుందన్నది నేనే, ట్యాపు ఇప్పంగనే తన్నుమన్నదెవలు?"

అట్లా ఇంకో ఆరేళ్ళు తిరిగాను. తర్వాత అంకెలు మళ్ళీ పెరిగాయి. ట్యాపు తిప్పి చాయ్ తాగాకే కొట్టేవాణ్ణి. ప్లగ్గు మార్పించాను, కార్బురేటర్ విప్పించాను. కానీ ఈసారి రెండు గడుల్లోనూ ఒకే అంకెలు. బయట కూడా ఏడు, ఎనిమిది. పాత పేజీలు తిరగేయాల్సిన పని లేకపోయింది.

ఒక ఉదయం వంటింట్లోంచి "ఎనిమిది... తొమ్మిది..." అని వినిపించింది. మళ్ళీ కొట్టాను. అందుకోలేదు.

"తొమ్మిది" అన్నది మళ్ళీ.

తర్వాతి కిక్కుకు బండి మోగింది. "పది! అయింది, పోయిరాండ్రి!"

రావల్కోల్ బాటనే వెళ్ళాను. కొంగల కుంట దగ్గర ఇంజను ఆపకుండా కాసేపు నిలబడ్డాను. అక్కణ్ణుంచి శామీర్‌పేట వెళ్ళి, తాళంచెవి మెకానిక్ చేతిలో పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఆమె గేటు దగ్గరే ఉంది. "బండేది?"

"ఇచ్చేసిన."

"ఎందుకు? నేను పదే లెక్కవెట్టిన గదా."

"కొట్టింది నేను గదా" అన్నాను.