బల్బు ముందు పెట్టని గుడ్డు

మా అమ్మమ్మకు గుడ్ల కొట్టు ఉంది, గుడ్డంటే అసహ్యమూ ఉంది. నోట పెట్టదు. సాయంత్రం మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, "కంపొస్తోందా?" అంటుంది. రాకపోయినా నేను "ఆఁ" అంటాను. మళ్లీ కడుక్కుంటుంది. చదువు అటకెక్కించి కొట్లో కూర్చున్నదానికి నాకు ఆ మాత్రం కాలక్షేపం ఉండొద్దూ!

కొట్లో ఆవిడ చట్టం ఒక్కటే. ప్రతి గుడ్డునూ బల్బు ముందు పెట్టి చూశాకే మంచిదో మురిగిందో తేల్చాలి. చూడకుండా మురుగు బుట్టలో వేస్తే నెత్తిన మొట్టికాయ పడుతుంది.

అలాంటి మనిషి పిన్ని విషయంలో బాబాయి మాట నమ్మేసింది. పిల్లలు లేరని పిన్నికి ఆసుపత్రిలో గుడ్లు తీసి, బయట ఫలదీకరణ చేయించారు. ఒక్కటీ ఫలించలేదు. "గుడ్లే బాగాలేవట అత్తయ్యా," అన్నాడు బాబాయి. ఆయన నిద్రపోతున్నా "అల్లుడుగారు" అనే అమ్మమ్మ, ఎదురు మాట్లాడకుండా తలూపింది. ఆ తర్వాత పిన్ని కొట్టుకు రావడం తగ్గించింది. వచ్చినా మురుగు బుట్ట వైపు చూసేది కాదు.

ఇది రెండోసారి, ఆఖరిసారి కూడా. ఇంక నా ఒళ్లు ఇవ్వలేనని పిన్ని తెగేసి చెప్పింది. ఈసారి అమ్మమ్మా నేనూ కూడా ఆసుపత్రికి వెళ్లాం. గుడ్లు తీసి పిన్నిని మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ వాటిని తెర మీద చూపించింది. వెలుతురులో నాలుగు గుండ్రటి మచ్చలు. అమ్మమ్మ కళ్లజోడు తుడుచుకుని, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వెళ్లింది.

"ఇందులో మురిగిందేదమ్మా?"

"మురగడమేంటండీ? వయసును బట్టి కాస్త తక్కువొచ్చాయి. లోపలెలా ఉందో పూర్తిగా ఎవరూ చెప్పలేరు. పాడయ్యాయని మాత్రం నేనెప్పుడూ అనలేదే."

"మరి పోయినసారి?"

డాక్టరమ్మ బాబాయి వైపు చూసింది. బాబాయి ఫ్యాను వైపు చూశాడు.

"చెప్పండి," అంది పిన్ని.

"గుడ్లనీ ఈయన వీర్యకణాలనీ ఒక గిన్నెలో కలిపి వదిలేశాం. ఆ కణాలే ఈదుకుంటూ వెళ్లి గుడ్డులో దూరాలి. వాటికి ఆ ఓపిక లేదు. ఒక్కో కణాన్నీ సూదితో గుడ్డులోకి పంపిద్దామని అప్పుడే చెప్పాను. ఈయన వద్దన్నారు. ఇవాళా అదే మాట."

"సూదంటే లోపం నాలో ఉందనుకుంటారు కదా నలుగురూ," అని గొణిగాడు బాబాయి.

మురిగిన గుడ్డు చేతిలో పగిలినప్పుడు అమ్మమ్మ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పుడూ అదే మొహం.

"కూసేది పుంజు, ముక్కేది పెట్ట," అంది. "నీ కూత కోసం ఇన్నాళ్లూ నా పిల్ల మోసింది కంపు. ఛీ."

"సూదితోనే కానివ్వండి," అంది పిన్ని, గోడ వైపు తిరిగి. బాబాయి కూడా తలూపాడు.

అమ్మమ్మ మంచం అంచున కూర్చుంది. "బల్బు ముందు పెట్టకుండానే నిన్ను మురుగు బుట్టలో వేశానే," అంది. పిన్ని ఇటు తిరిగి, అమ్మమ్మ చెయ్యి లాక్కుని వాసన చూసింది.

"సబ్బు కంపు," అంది.

మర్నాడు బాబాయి కొట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "అత్తయ్యా, రెండు ఫలించాయట. నిలుస్తాయో లేదో ఇంకా చూడాలట."

అమ్మమ్మ చేతిలో గుడ్డుంది.

"మంచిది. వెలుతురుకు అడ్డం తప్పుకో అబ్బాయ్," అంది.

ఆ "గారు" ఇప్పటికీ తిరిగి రాలేదు.