నాలుగక్షరాల మీద మా అమ్మ అనుమానం

మా అమ్మ ఎలీసమ్మ అనుమానాల పుట్ట. సంతలో తూకం వేసేవాడి ముల్లు చూసేది కాదు, వేళ్లు చూసేది. ఎవరైనా తియ్యగా పలకరిస్తే వాళ్లకి మనతో ఏం పని పడిందా అని ఆ పూటంతా ఆలోచించేది.

నన్ను చూసుకుని మాత్రం మురిసిపోయేది. ఏడేళ్లకే నేను ఆదివారం చర్చిలో పుస్తకం తెరిచి పట్టుకుని వాక్యం చదివేదాన్ని. నిజానికి అది చదవడం కాదు. శనివారం పాస్టరుగారు చెప్పించింది మర్నాడు అప్పజెప్పడమే. మా పల్లెలో పిల్లలందరం అంతే. దాన్నే చదువనుకునేవాళ్లు అందరూ, నాతో సహా.

1984లో మా బడికి చిలకలూరిపేట నుంచి జోహరాబీ టీచరుగారు వచ్చారు. రెండో తరగతి పుస్తకంలో బొమ్మని అరచేత్తో మూసి, కింద ఉన్న మాట చదవమన్నారు. నేను ఆమె వేళ్ల సందుల్లోంచి బొమ్మ వెతికాను. ఆ రోజే నన్ను ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి మొదటి నుంచి మొదలుపెట్టారు. ల, త, ప, క. నాలుగే. ఒక్కోదాన్ని పలకాలి, పలక మీద రాయాలి, కలిపి తల, పలక అని చదవాలి. అవి గట్టిపడితే గాని ఐదోది లేదు. అందరూ కలిసి అరవడం కుదరదు, ఎవరికి వాళ్లు చదవాలి.

అమ్మ మండిపడింది. చర్చిలో చదివే పిల్లకి అక్షరాలు రావా? పక్క బజారు పిల్లలు యాభయ్యారూ గుక్క తిప్పుకోకుండా పాడుతుంటే మనకి నాలుగేనా, మిగతావి ఎవరికోసం దాచింది? కూలోళ్ల పిల్లలు కూలికే రావాలని ఎవరో ఈమెని పంపించారని తేల్చేసింది. టీచరుగారు ఇంటికొచ్చి ఓపిగ్గా చెప్పేకొద్దీ అనుమానం ముదిరింది. మిరప కోతల దాకా చూస్తానని, అప్పటికీ చదువు రాకపోతే బడి మాన్పించి కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి పెడతానని చెప్పింది. ఆ ఘాటుకి మా అక్క రోజంతా దగ్గడం నేను చూశాను.

నేను ఆ నాలుగూ దాటి గుణింతాలు, ఒత్తుల దాకా వచ్చాక, కోతలు ఇంకో వారం ఉన్నాయనగా అమ్మ పరీక్ష పెట్టింది. వాక్యం వద్దంది, అది పాస్టరుగారు నేర్పి ఉంటారట. బడి పుస్తకం వద్దంది, అది టీచరు నేర్పి ఉంటుందట. ఆ పూటే పత్తిచేల దగ్గర పురుగుమందుల వాళ్లు మోటార్‌సైకిల్ మీద వచ్చి పంచిన కాగితం రొంటిన దోపుకుని తెచ్చింది.

“ఇది నీకెవరూ చెప్పలా. చదువు,” అంది.

వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగిపోతూ చదివాను. గలగలా అప్పజెప్పే పిల్ల ఇలా తడబడుతుంటే అమ్మ ముఖం మాడిపోయింది. చివరి వరుసకొచ్చాను.

“ఖాళీ డబ్బాలో నీళ్లు పోసుకుని తాగరాదు.”

అమ్మ కాగితం లాక్కుంది. మేం కూలికెళ్లే చేను ఆసామి ప్రేమగా ఇచ్చిన ఖాళీ పురుగుమందు డబ్బాలోనే రెండేళ్లుగా మేం చేలోకి నీళ్లు మోసుకెళ్తున్నాం. అక్కా నేనూ తాగేది అందులోవే. ఊరందరినీ అనుమానించిన మా అమ్మ ఆ డబ్బాని ఒక్కనాడూ అనుమానించలేదు.

“నిజంగా అట్టా ఉందా?” అని అడిగింది. ఉందన్నాను.

కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. నేను చదివానో కల్పించానో తేల్చుకునే దారి ఆమెకి లేదు. అమ్మ అలా దిక్కుతోచక నిలబడటం అదే మొదటిసారి చూశాను, నాకు ఏడుపొచ్చింది. అమ్మ వెళ్లి డబ్బాని రాయి పెట్టి చితక్కొట్టి, దిబ్బలో పూడ్చి వచ్చి నా పక్కన కూర్చుంది.

“రేపు బడికి పో. సాయంత్రం వచ్చి ఆ నాలుగూ నాకు నేర్పు,” అంది. “నీ మాట మీద కూడా నాకు నమ్మకం లేదు.”