ఆ గీత పొట్టిగా ఎందుకొచ్చింది

యాభై దాటాక చర్చిలో ఆడవాళ్ళ కూటం దగ్గర అక్షరాలు దిద్దాను. ఆ చదువు పుణ్యమా అని మిరప పరిశోధన పొలంలో నాకు కలుపు పని తప్పి, చీటీలు రాసే పని వచ్చింది. అక్కడ ఒక అమ్మాయి డాక్టరేటు కోసం పనిచేస్తుండేది. నీళ్ళు కట్టిన మడిలో ఆరు మొక్కలు, ఎండగట్టిన మడిలో ఆరు మొక్కలు. ఒక్కో మొక్క నుంచి ఒక్క ఆకు కోసి, చిన్న ట్యూబులో వేసి, నంబరు రాసి, ఐసు పెట్టెలో పెట్టాలి. నీళ్ళు లేనప్పుడు ఒక జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తుందో ఆ ఆకుల్లో కొలుస్తారట.

తడి మడిలో బుద్ధిగానే కోశాను. ఎండు మడికి వచ్చేసరికి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది, నా చెప్పు తెగి ఉంది. గట్టు పక్కనే ఒక మొక్క నాకోసమే నిలబడ్డట్టు కనిపించింది. ఆరాకులూ దాని దగ్గరే కోసేసి, ఒకటి నుంచి ఆరు దాకా గుండ్రంగా అంకెలు వేశాను. నోటితో ఆడిన అబద్ధాలు బోలెడు గానీ, రాతలో అదే నా మొదటిది.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద రెండు స్తంభాలు, మడికొకటి. ఒక్కోదాని నెత్తిన ఒక నిలువు గీత.

"చూడు పెద్దమ్మా, ఎండు మడి గీత ఎంత పొట్టిగా వచ్చిందో! మా గైడు సార్‌కి ఫోన్లో చెబితే ఎగిరి గంతేశారు."

"పొట్టిదైతే మంచిదా?"

"ఎండు మడిలో ఆ జన్యువు మూడు రెట్లు పనిచేసింది అని ఒక్క అంకె చెప్పి ఊరుకోకూడదు. ఇంత నుంచి ఇంత మధ్యలో ఉండొచ్చు అని కూడా చెప్పాలి. ఆ దూరమే ఈ గీత. మొక్కకీ మొక్కకీ తేడా ఉంటే పొడుగవుతుంది. మనవన్నీ ఒక్క మాట మీదున్నాయి!"

"ఒక తల్లి బిడ్డలు గదమ్మా," అన్నాను.

నవ్వబోయి ఆగింది. తడి మడి పొడుగు గీతను చూసి, నన్ను చూసింది.

"ఎన్ని మొక్కల్లో కోశావు?"

"ఐదారుంటాయి."

"ఐదా, ఆరా?"

"ఒకటి."

నేనూ ఒక గీత గీశాను. నిజం దాని బయట పడింది.

"ఎవరికీ చెప్పకపోతే ఏమవుద్ది? గీత చక్కగా ఉంది గదా," అన్నాను.

"పరిశోధన పేపర్లో వేసేది నా పేరు పెద్దమ్మా."

మర్నాడు రెండు మళ్ళలోనూ మళ్ళీ కోయించింది. నా వెనకే నడిచింది. గొడుగు మాత్రం తనకే పట్టుకుంది. ఈసారి ఎండు మడి గీత సాగి సాగి తడి మడి గీతలో సగం దాకా దిగింది. అలా కలిసిపోతే తేడా ఉందో లేదో గట్టిగా చెప్పలేరట.

సార్ దగ్గరికి నన్నూ తీసుకెళ్ళింది. "మొన్న పొట్టిగా ఉందన్నావే?" అన్నారాయన.

"ఆరాకులూ ఒకే మొక్కవండీ."

"ఎవరు కోశారు?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"మేమేనండీ," అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గీత ఉన్నంత పొడుగూ వెయ్యి. ఇప్పుడే ఏమీ తేల్చి చెప్పలేమని రాయి. వచ్చే పంటకి ఇంకా ఎక్కువ మొక్కలు పెట్టు."

అంటే ఆ పిల్లకు ఇంకో ఏడాది. టీ బండి దాకా నాకన్నా పది అడుగులు ముందే నడిచింది. అక్కడ నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, చేతులు తుడుచుకుని, డబ్బులకు బండివాడికి నన్ను చూపించి వెళ్ళిపోయింది. కొంగు ముడి విప్పి ఇచ్చాను.