ఒకే అంకెల మీద ఇద్దరం

నంద్యాల ఇంకా కర్నూలు జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, ఒక ఎండాకాలం మొదట్లో, నన్ను ఆళ్లగడ్డ అవతల నల్లమల అంచున ఉన్న ఒక అటవీ రేంజికి డిప్యూటీ రేంజి అధికారిగా వేశారు. రేంజి అధికారి తర్వాతి మెట్టు అది. కాగితాలు ఆయనవి, కాళ్లు నావి. తోటల హద్దులు నడిచి కొలవడం, నిప్పు రాకుండా చూడడం, అనుమతి తెచ్చుకుని అడవిలో నడవడానికి వచ్చేవాళ్ల వెంట మా వాచరును పంపడం నా పనులు.

హద్దుల కొలతకు శాఖ మాకు చేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రాలిచ్చింది. ఆకాశంలోని ఉపగ్రహాలను పట్టుకుని, మనం భూమి మీద ఏ అక్షాంశం, ఏ రేఖాంశం దగ్గర నిలబడ్డామో అంకెల్లో చెబుతుంది. వేరేచోటి అంకెలు అందులో నొక్కితే అటువైపు బాణం గుర్తు చూపుతుంది, ఇంకెంత దూరమో చెబుతుంది. సెల్‌ఫోనుకు సిగ్నల్ లేని కొండల్లో అది మాకు మూడో కన్ను.

గోస్పాడు దగ్గరి ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు సామేలు గారికి అదే యంత్రం సరదా. సొంత డబ్బుతో కొనుక్కున్నారు. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న రోడ్డు మీద కూడా దాన్ని కారు ముందు అద్దానికి తగిలించుకుని, బాణం చెప్పినట్టే ఆళ్లగడ్డకు వచ్చేవారు. ఆదివారం ప్రార్థన ఉంటుంది కాబట్టి, మిగతా సెలవు రోజుల్లో పొద్దున్నే వచ్చి అడవిలో నడిచేవారు. ప్రతిసారీ ఆయన వెంట వెళ్లేది మా చెంచు వాచరు గురవయ్య. "సారూ, మీ ఇంటికి పోయే దావ గూడా అదే చెప్పాల్నా?" అని గురవయ్య ఆటపట్టిస్తే ఆయన నవ్వేవారు. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆ రోజు కూడా ఇద్దరే వెళ్లారు. ఎండ ముదరకముందే క్యాంపు వైర్‌లెస్ సెట్టులో సామేలు గారి గొంతు వినిపించింది. కొండ చరియకు పట్టిన పెద్ద తేనెతుట్టె లేచింది. గద్ద తన్నిందో, గాలి కదిపిందో ఎవరికీ తెలియదు. గురవయ్య తన దుప్పటి తీసి మాస్టారి మీద కప్పి, పొదలోకి తోసి, తాను బయట మిగిలాడు. ఈగలు పోయాయి కానీ గురవయ్య ముఖం వాచి, మాట పడిపోయింది. ఆ చోటి పేరు తెలిసినవాడు అతనొక్కడే. మాస్టారి దగ్గర ఉన్నవి అంకెలు మాత్రమే. గురవయ్య చేతిలోని వైర్‌లెస్ సెట్టు తీసుకుని వాటినే మాస్టారు చదివారు.

క్యాంపులో సెట్టు దగ్గరున్న మనిషి ఆ అంకెలు నాకందించాడు. వాటిని నా యంత్రంలో నొక్కి, నలుగురిని, డోలీకి గుడ్డను తీసుకుని బయలుదేరాను. గురవయ్య భార్య ఈరమ్మ జీపుకు అడ్డంగా నిలబడింది. "సారూ, నా మొగుడు యాడుండాడో ఆ డబ్బీలో కనపడ్తాదంట గదా?" అని అడిగింది. కనపడుతుందమ్మా అన్నాను. నమ్మకంగానే అన్నాను.

జీపు వెళ్లినంత దూరం వెళ్లి, ఆ తర్వాత పరుగులాంటి నడక. దూరం తగ్గుతూ తగ్గుతూ యంత్రం చేరుకున్నామని కూత పెట్టింది. తల ఎత్తి చూశాను. బోడి బండ, నాలుగు ఎండిన పొదలు, అవతల నిట్టనిలువు లోయ. మనిషి లేడు. తుట్టె లేదు. ఒక్క ఈగ కూడా లేదు.

లోయలోకి తొంగిచూడడానికి నాకు ధైర్యం చాలలేదు. మావాడొకడు బోర్లా పడుకుని చూసి, ఏమీ కనబడలేదన్నాడు. సెట్టు నొక్కాను.

"సామేలు సార్, యాడుండారు? మీరు చెప్పిన చోటనే నిలబడుండాం."

"నేనూ ఆడనే ఉండా సార్. అడుగు గూడా కదల్లేదు. మీరే కనపడ్ల్యా."

ముప్పై ఏళ్ల సర్వీసులో పులిని ఎదురుగా చూశాను, మంటల మధ్య ఇరుక్కున్నాను, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. ఒకే చోట ఇద్దరం నిలబడి ఉన్నాం, ఒకరికొకరం లేము. ఈల వేశాను. వినపడిందా అని అడిగితే, కొండలన్నీ ఈల వేసినట్టుంది, ఎటు నుంచో తెలియడం లేదన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు ఆయన సెట్టు బ్యాటరీ అయిపోవస్తోంది.

తెర మీద ఏముందో ఒక్కొక్క అంకె ఉన్నదున్నట్టు చదవమన్నాను.

"పదిహేను డిగ్రీలు. ఎనిమిది పాయింట్ నాలుగు నాలుగు ఎనిమిది."

"ఇందాక ఎనిమిది, నలభై అయిదన్నారంట గదా?"

"రెండు స్థానాలకు సవరించి చెప్పినా సార్. బళ్లో అంతే గదా."

అప్పుడర్థమైంది. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం. మా శాఖ యంత్రాలు నిమిషాన్ని మళ్లీ అరవై సెకన్లుగా చూపేవి. ఆయనది నిమిషం కింద దశాంశాలు చూపేది. అర రూపాయిని ఒకరు ఎనిమిది అణాలని, మరొకరు యాభై పైసలని లెక్కపెట్టినట్టు. వైర్‌లెస్‌లో అంకెలను జతలుగా పలకడం, రాసుకోవడం మా అలవాటు. దశాంశాన్ని రెండు స్థానాలకు సవరించడం ఆయన అలవాటు. రెండూ చక్కని అలవాట్లే. మధ్యలో పాయింటు జారిపోయి, ఆయన చెప్పిన ఎనిమిది పాయింట్ నాలుగు అయిదు నిమిషాలు నా యంత్రంలో ఎనిమిది నిమిషాల నలభై అయిదు సెకన్లయ్యాయి. ఆ అంకె అరవై దాటి ఉంటే సెకన్లు కావని అక్కడే పట్టుకునేవాళ్లం. రేఖాంశంలో కూడా దాటలేదు.

వాళ్లు లోయకు అవతల ఉన్నారు. పిట్టకైతే అర కిలోమీటరు పైచిలుకు. మాకైతే కిందికి దిగి, రాళ్లు పట్టుకుని మళ్లీ ఎక్కాల్సిన దూరం. మేము చేరేసరికి సూర్యుడు నెత్తి మీద నుంచి వాలాడు. మాస్టారు గురవయ్య తలను ఒళ్లో పెట్టుకుని, చొక్కా విప్పి ఎండకు అడ్డం పట్టుకుని కూర్చున్నారు. గురవయ్యకు ఊపిరి ఆడుతోంది.

డోలీలో జీపు దాకా మోశాం. ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోనిచ్చాం. వెనక సీట్లో గురవయ్య, పక్కన నేను. ముందు సీట్లో మాస్టారు తన యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. ఊరు ఇంకా ఎన్ని కిలోమీటర్లని ఒక్కసారి అడిగాను. ఆయన చదవడం మొదలుపెట్టారు. పదకొండు పాయింట్ నాలుగు రెండు. పదకొండు పాయింట్ ఒకటి సున్నా. ఏ అంకెనూ సవరించలేదు, ఏ పాయింటునూ వదల్లేదు. తారు రోడ్డు ఎక్కకముందే నా చేతి కింద ఊపిరి ఆగింది. ఆయన ఊరు వచ్చేదాకా చదువుతూనే ఉన్నారు.

ఈరమ్మ నన్ను ఒకే మాట అడిగింది. "ఆ డబ్బీ అబద్ధం చెప్పిందా సారూ?"

"లేదమ్మా. రెండూ నిజమే చెప్పినాయి."

"మల్ల?" అంది.

ఇల్లు కాలాక బావి తవ్వినట్టు, అడవిలోకి వెళ్లే ప్రతి యంత్రాన్నీ ఒకే పద్ధతికి మార్చాలని ఉత్తర్వు వచ్చింది. నేను రిటైరయ్యే దాకా ఒక పని చేయించాను. వచ్చినవాళ్ల యంత్రాన్ని, మాదాన్ని గేటు దగ్గర ఒకే రాతి మీద పెట్టించి, అంకెలను బయటికి చదివించేవాణ్ణి. రెండూ ఒకే మాట పలికితేనే గేటు తీయించేవాణ్ణి. యంత్రం సరిగ్గా ఉంటే చాలదు. అవతలివాడి యంత్రం ఏ లెక్కలో మాట్లాడుతుందో బయలుదేరే ముందే తెలియాలి. ఆ పనికి పట్టేది, ఒక బీడీ కాల్చేంత సేపు.