కనుమ మీది మూడు రాళ్ళు

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, ఇబ్రా అనే ఊరి దగ్గర హజర్ కొండల్లో నేనూ మా బావా రోడ్డు పనికి కుదిరాం. సైట్ కనుమ నెత్తిన ఉండేది. పాడు కొండలు! ఎటు చూసినా కాలే రాళ్ళే.

మమ్మల్ని పికప్‌లో తీసుకొచ్చే పఠాన్ డ్రైవర్‌ది హిందూకుష్ పర్వతాల్లో ఓ పల్లె. అక్కడ కనుమ దాటే ప్రతివాడూ పైన ఒక రాయి పెట్టి దాటాలట. అతని తమ్ముడు ఆ కనుమలోనే మంచు కింద కూరుకుపోయి చనిపోయాడు. శవం దొరకలేదు. అందుకే ఇక్కడ రోజూ బండి దిగి తమ్ముడి కోసం ఒక రాయి పెట్టేవాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మా కళ్ళకది ఉత్త రాళ్ళ కుప్ప.

ఒక మధ్యాహ్నం క్యాంపు నుంచి అన్నం రాలేదు. బావ ఆ కుప్పలోంచి సమానమైన మూడు రాళ్ళు ఏరి పొయ్యి పెట్టాడు. మనవాళ్ళకి మూడు రాళ్ళు కనబడితే పొయ్యే కదా గుర్తొచ్చేది! అన్నం ఉడుకుతుండగా పఠాన్ వచ్చి చూశాడు. కేక పెట్టి గిన్నెను ఒక్క తన్ను తన్నాడు.

"బువ్వను తంతవారా!" అని బావ అతని గల్లా పట్టుకున్నాడు. పఠాన్ పార అందుకుని బావ నెత్తిన కొట్టాడు. రక్తం చిమ్మింది. నేను గడ్డపార ఎత్తాను. నలుగురు పట్టుకోకపోతే వాణ్ణి చంపేసేవాణ్ణే, అబద్ధమెందుకు.

వాడు నా వైపు చూడనైనా లేదు. ఆ కాలే రాళ్ళను వట్టి చేతులతో ఒక్కొక్కటే తీసి కుప్ప మీద పెట్టాడు. చర్మం కాలిన కంపు మా అందరి ముక్కులకూ తగిలింది.

బావ కళ్ళు తేలేశాడు. ఆస్పత్రి కింద ఇబ్రాలో ఉంది. ఆ దిగుడులో బండి నడపడం ఆ పఠాన్‌కి తప్ప ఎవరికీ రాదు.

"గాడీ మే డాలో" అన్నాడు వాడే, బావను బండిలో వెయ్యమని.

గడ్డపార ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. "మేరా బావ మరేతో తుమ్ భీ మరేగా" అన్నాను, బావ చస్తే నువ్వూ చస్తావని.

"పతా హై", తెలుసన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. మలుపు మలుపుకీ మూలిగాడు. ఆస్పత్రి ముందు దిగేసరికి అరచేతుల తోలు స్టీరింగ్‌కే అంటుకుపోయింది.

బావ బతికాడు. ఆ రాళ్ళ సంగతి మాకు ఆస్పత్రిలోనే తెలిసింది. కుట్లు విప్పకముందే తలకి కట్టుతోనే డ్యూటీకొచ్చాడు. ఆ రోజు బండి వేరేవాడు నడిపాడు. పఠాన్ రెండు చేతులకీ కట్లతో దిగి, మణికట్లతో ఒక రాయిని లేపబోయాడు. జారి పడింది. మళ్ళీ లేపాడు, మళ్ళీ పడింది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బావ విసురుగా అటు నడిచాడు. అయిపోయింది, మళ్ళీ కొట్లాటే అనుకున్నాను. బావ ఆ రాయి తీసి కుప్ప మీద పెట్టాడు.

"నీ చేతులు మానేదాంక నేనే పెడ్త తియ్! మానినంక జెప్త నీ సంగతి, బాడ్కావ్!"