వీరాచారి అడిగిన ప్రశ్న

నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది అక్కడి ఒక ఆసుపత్రిలో యూరాలజిస్టుగా చేరాను. నా ఉద్యోగంలో అదే చివరి మజిలీ. ఆళ్లగడ్డ శిల్పి వీరాచారి కేసు అప్పటిదే.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న మూడేళ్లకు ఆయన పీఎస్ఏ, అంటే ఈ జబ్బు జాడ చెప్పే రక్తపరీక్ష అంకె, మళ్లీ పెరగసాగింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ తేలింది. అదృష్టం, గ్రంథి దాటి పోలేదు. ఇక గ్రంథిని తీసేయడమే. చెప్పినంత తేలికేం కాదు. రేడియేషన్ తగిలిన చోట పొరలన్నీ అతుక్కుపోతాయి. వెనకే మలాశయం, కింద మూత్రాన్ని ఆపే కండరం. తర్వాత మూత్రం కారే అవకాశం మామూలుకంటే ఎక్కువ. ఇదంతా వివరించి సంతకం తీసుకున్నాను.

ఆయన అడిగింది ఒక్కటే. "మళ్లా ఉలి పట్టుకుంటానా సార్? అమ్మవారి విగ్రహానికి ఆఖర్న కండ్లు చెక్కి తెరిసేది మిగిలిపోయుండాది."

"నీ చేతుల జోలికి నేను పోనులే అప్పా" అన్నాను. నర్సులు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. మలాశయానికి గీత కూడా పడలేదు. మూడు వారాలకు మూత్రం గొట్టం తీశాం. పీఎస్ఏ దాదాపు సున్నా. వచ్చిన ప్రతిసారీ, మూత్రం పీల్చే ప్యాడ్లు రోజుకు ఎన్ని వాడుతున్నావని అడిగేవాణ్ణి. "అవసరం ల్యా సార్" అనేవాడు. పంచె పొడిగానే ఉండేది. మూత్రం కారడం లేదని కాలరెగరేసుకుని కేసు షీటులో రాసుకున్నాను.

ఏడాది తర్వాత ఒక పెళ్లికని ఆళ్లగడ్డ వెళ్లి, ఆయన షెడ్డులోకి తొంగిచూశాను. ఆ చేయితిరిగిన శిల్పి రోళ్లు చెక్కుతున్నాడు. రోళ్లు! మూలన అమ్మవారి విగ్రహం గుడ్డ కప్పుకుని ఉంది. కళ్లు ఇంకా తెరవలేదు.

ఏందప్పా ఇది అంటే తల దించుకున్నాడు. ఆయన భార్య ఊరుకోలేదు. "మీ కాడికొచ్చే దినం పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగడు సార్, మీరు బాధపడతారని. మిగతా దినాలు పంచె తడుస్తానే ఉంటాది. ఆ మైలతో అమ్మవారిని ఎట్ల ముట్టుకుంటాడు?"

నాకు సిగ్గేసింది. ఆ రోజు ఆయన అడిగింది చేతుల గురించి కానే కాదు. మూత్రం కారొచ్చని నేను చెప్పిన రోజే ఆయన పని పోయినంత పనైంది. నేనేమో జోకులేశాను.

కొన్ని నెలలు కండరాల వ్యాయామం చేయించాం. అది చాలకపోతే హైదరాబాదులో మూత్రాన్ని ఆపే కృత్రిమ కవాటం పెట్టించాం. ఆ తర్వాత అమ్మవారి కళ్లు ఆయనే తెరిచాడు.

రిటైరయ్యేదాకా ఇలాంటి రోగుల్ని ప్యాడ్ల లెక్క అడగడం నేను మానలేదు. దానికి ముందు మాత్రం ఇంకోటి అడిగేవాణ్ణి: "ఏ పని ఆపేసినావప్పా?"